కాటలినా 22 స్వింగ్ కీల్: మూడు సీజన్లు వాడి, ఒకసారి మొత్తం ఊడదీశాక నా రివ్యూ

డల్లాస్ చుట్టుపక్కల సెకండ్ హ్యాండ్ సెయిల్ బోట్ కోసం చూస్తున్న మనవాళ్ళు ఈ ఏడాది నలుగురు నాకు ఫోన్ చేశారు. తెరచాపలు ఎన్నేళ్ళు వస్తాయి, లోపల కుషన్లు మార్చాలంటే ఎంతవుద్ది, మోటార్ ఏ కంపెనీది మంచిది అని అడిగారే గానీ, బోటు కింద వేలాడే 550 పౌన్ల (దాదాపు 250 కిలోల) ఇనుప పలక, అంటే కీల్ గురించి ఒక్కరు కూడా అడగలేదు. కొనేటప్పుడు నేనూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు కూడా. అందుకే ఈ రివ్యూలో మిగతా బోటు గురించి తక్కువే రాస్తున్నా, అంతా కీల్ గురించే. నా ఉద్దేశంలో స్వింగ్ కీల్ (పైకి లేపి కిందికి దించగలిగే కీల్) ఉన్న కాటలినా 22 కొనడం అంటే కీల్ కొనడమే, మిగతావన్నీ తర్వాత నిదానంగా బాగుచేసుకోవచ్చు.

ముందు తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. కాటలినా 22 అనే ఈ చిన్న సెయిల్ బోటు ఫ్రాంక్ బట్లర్ డిజైన్, 1969లో మొదలైంది, 15,000 పైనే తయారయ్యాయి, అమెరికాలో ఏ సరస్సు ఒడ్డుకి వెళ్ళినా ఒకటో రెండో కనిపిస్తాయి. పొడవు 21.5 అడుగులు, బరువు దాదాపు 2,250 పౌన్లు అంటే మన లెక్కలో ఒక టన్ను. స్వింగ్ కీల్ మోడల్లో కీల్ పైకి లేపితే 2 అడుగుల నీళ్ళు చాలు, దించితే 5 అడుగులు కావాలి. అదే ఫిక్స్‌డ్ కీల్ మోడల్ అయితే ఎప్పుడూ 3.5 అడుగులే, పైకి రాదు కిందికి పోదు, ట్రైలర్ మీద నుంచి దించాలంటే ర్యాంపులో (బోటు దించడానికి నీళ్ళలోకి కట్టిన వాలు) బాగా లోతుకి వెళ్ళాలి. టెక్సస్ సరస్సులు దాదాపు అన్నీ డ్యామ్ కట్టి నింపినవే, ఎండాకాలం నీళ్ళు తగ్గితే ర్యాంపు చివర లోతు ఉండదు, అలాంటి చోట ఈ 2 అడుగుల డ్రాఫ్ట్ (బోటు తేలడానికి కావాల్సిన లోతు) ఎంత ఉపయోగమో ఆగస్టులో ఒకసారి బోటు దించితే తెలుస్తుంది. మేము ఉండేది ఫ్రిస్కోలో, తిరిగేది ఎక్కువగా లూయిస్‌విల్ లేక్‌లో, ఫిక్స్‌డ్ కీల్ వాళ్ళు దగ్గరికి రాలేని కోవ్‌లలో (ఒడ్డు లోపలికి వంగిన చిన్న మలుపులు) కూడా మేము కీల్ లేపుకుని ఒడ్డు దాకా వెళ్ళి పిల్లల్ని మోకాలి లోతు నీళ్ళలో దింపాం. ఈ ఒక్క సుఖం కోసమే మళ్ళీ కొనమన్నా స్వింగ్ కీలే కొంటా.

హైదరాబాద్‌లో సెయిలింగ్ నేర్చుకున్న ఒకాయన అడిగాడు, హుస్సేన్ సాగర్‌లో లేజర్ బోటుకి బోర్డు చేత్తో పైకి లాగేస్తాం కదా, ఇది కూడా అంతేనా అని. కాదు సార్. అది డాగర్ బోర్డు, ఒక చేత్తో పైకి తీసి పక్కన పెట్టుకోవచ్చు, బోటు నిలబడేది మీ ఒంటి బరువు మీద. ఇక్కడ కీల్ పోత ఇనుము, దాని బరువే బోటుని తిరగబడకుండా నిలబెడుతుంది, ముందు వైపు ఒక అంగుళం మందం కంచు పిన్ను మీద వేలాడుతూ ఉంటుంది, వెనక వైపు ఒక సన్నటి స్టీల్ వైరు పట్టుకుని ఉంటుంది, ఆ వైరు బోటు అడుగులోంచి లోపలికి వచ్చి క్యాబిన్ మెట్టు కింద ఉన్న వించ్‌కి (హ్యాండిల్‌తో తిప్పే డ్రమ్ము) చుట్టుకుంటుంది. పావు టన్ను ఇనుముని ఒక పిన్నూ ఒక వైరూ మోస్తున్నాయన్న సంగతి బుర్రలో ఉంచుకుంటే ఇక్కడ నుంచి రాసేవన్నీ ఈజీగా అర్థమవుతాయి.

రోజువారీ వాడకం సంగతి. దించేటప్పుడు వించ్ హ్యాండిల్ మీద నుంచి చెయ్యి తియ్యకూడదు, ఎప్పటికీ. హ్యాండిల్ జారిందంటే పావు టన్ను కిందికి పడే వేగానికి అది గిర్రున తిరిగి మణికట్టు విరిచేస్తుంది. మా ఇంట్లో రూల్ ఏంటంటే వించ్ దగ్గర కూర్చున్నవాళ్ళతో ఎవరూ మాట్లాడకూడదు, పిల్లలు ఆ మెట్టు దగ్గరికి రాకూడదు. మీ బోటుకి పై నుంచి కింద దాకా ఎన్ని తిప్పులో ఒకసారి లోతు నీళ్ళలో లెక్క పెట్టి వించ్ పక్కనే మార్కర్‌తో రాసుకోండి, ఎందుకంటే కీల్ పూర్తిగా దిగిందా లేదా అనేది కంటికి కనపడదు, వైరు లూజ్ అయ్యాక కూడా తిప్పుతూ పోతే డ్రమ్ము మీద వైరు ఉల్టా చుట్టుకుంటుంది.

ఇంకో ప్రమాదం తక్కువ లోతులో దించడం. కీల్ బురదకి ఆని ఆగిపోతుంది, పైన మీకు తెలియదు, వైరు వదులుతూనే ఉంటారు, వైరు లూజ్‌గా వేలాడుతుంది, తర్వాత బోటు గాలికి లోతులోకి జరగ్గానే ఆనుకున్నది పోయి కీల్ మొత్తం ఒక్కసారిగా కిందికి ఊగుతుంది. ఆ దెబ్బ పిన్నుకీ వైరుకీ బోటు అడుగుకీ తగులుతుంది. మాకు మొదటి సీజన్లో ఒకసారి అయింది, బోటంతా గుడి గంట కొట్టినట్టు మోగింది, మా ఆవిడ రెండు వారాలు బోటెక్కలేదు. అప్పట్నుంచి డెప్త్ మీటర్ 8 అడుగులు చూపిస్తే గానీ కీల్ దించను.

లోపల ఒక లాక్ బోల్టు కూడా ఉంటుంది, బిగిస్తే కీల్‌ని పక్క నుంచి నొక్కి పట్టుకుంటుంది. దీని మీద పాత ఓనర్లలో రెండు పార్టీలున్నాయి. బిగించాలనేవాళ్ళు చెప్పేది, బోటు గాలికి పూర్తిగా పక్కకి పడిపోతే లాక్ లేని కీల్ వెనక్కి మడిచి లోపలికి వచ్చేస్తుంది, అప్పుడు నిలబెట్టే బరువు ఉండదు. వద్దనేవాళ్ళు చెప్పేది, నీళ్ళ కింద మోడుకి తగిలితే లాక్ లేని కీల్ వెనక్కి ఊగి తప్పించుకుంటుంది, లాక్ ఉంటే దెబ్బంతా బోటుకే. రెండూ నిజమే. మా లేక్ కింద మోడులు ఉన్నాయి కాబట్టి మామూలు గాలిలో నేను బిగించను, గాలి గట్టిగా ఉన్న రోజున లోతు నీళ్ళలోనే ఉంటూ బిగిస్తా, ఒడ్డుకి తిరిగి వచ్చేముందు తప్పనిసరిగా వదులు చేస్తా. బిగించిన సంగతి మర్చిపోయి వించ్ తిప్పితే వైరు తెగుద్ది, అందుకని బిగించినప్పుడల్లా వించ్ హ్యాండిల్‌కి ఒక ఎర్ర రిబ్బన్ కట్టే అలవాటు పెట్టుకున్నా.

ట్రైలర్ ఎక్కించాక కీల్‌ని వైరు మీద వేలాడదీసి హైవే ఎక్కకండి. ట్రైలర్ అడ్డ దూలం మీద కీల్ ఆనేదాకా దించి, వైరు బిగువు కొంచెం తగ్గించాలి. లేకపోతే ప్రతి గుంతకీ 550 పౌన్లు ఆ సన్నటి వైరు మీద ఎగిరెగిరి పడతాయి.

ఇక ఊడదీయడం ఎందుకు వచ్చిందంటే, రెండో సీజన్ చివర్లో లంగరు వేసి రాత్రి పడుకుంటే కింద నుంచి టక్ టక్ అని చప్పుడు, అల వచ్చినప్పుడల్లా. కాటలినా ఓనర్లు చాలామంది ఇది మామూలే అంటారు, కీల్‌కీ హ్యాంగర్లకీ (పిన్నుని రెండు పక్కలా పట్టుకునే ముక్కలు) మధ్య కొంచెం సందు ఉంటుంది కాబట్టి పక్కలకి కొట్టుకుంటుంది, అది నిజమే. కానీ మాది సీజన్ మొదట్లో లేదు, చివరికి వచ్చింది, అదీ నాకు నచ్చని విషయం. ఒక రిపేర్ యార్డుకి తీసుకెళ్తే అక్కడాయన కింద వంగి కూడా చూడకుండా పిన్ను బాగానే ఉంటది అన్నాడు, ఊడదీసి చూడాలంటే ఒక రేటు చెప్పాడు, ఆ రేటు మేము బోటూ ట్రైలరూ కలిపి కొన్న డబ్బులో సగం పైనే. మా నాన్నకి విజయవాడ ఆటోనగర్లో లారీల మెకానిక్ షెడ్డు ఉండేది. వీడియో కాల్ చేసి ఆ చప్పుడు వినిపించా. ఆయన జీవితంలో సెయిల్ బోటు చూడలేదు, కానీ విన్న వెంటనే అన్నాడు, "ఒరే, అది కమాను పిన్ను చప్పుడే. పిన్ను అరిగింది, బుష్ పోయింది. నడిపితే ఇంకా పోద్ది, దింపి చూడు."

దింపి చూశాం. నాన్న చెప్పిందే.

పని ఎలా జరిగిందో వివరంగా రాస్తా, ఎందుకంటే నేను వెతికినప్పుడు ముక్కలు ముక్కలుగా దొరికిందే గానీ ఒక్క చోట దొరకలేదు. ముందు జాగా. మా హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ ఓనర్ల సంఘం) డ్రైవ్‌వేలో బోటు పెట్టనివ్వదు, స్టోరేజ్ లాట్ వాళ్ళు రిపేర్ పని చేయనివ్వరు, చివరికి డెంటన్ దాటాక ఒక ఫ్రెండ్‌కి ఎకరం జాగా, కాంక్రీటు చప్టా ఉంటే అక్కడికి తీసుకెళ్ళాం. చప్టా ముఖ్యం, మట్టి మీద జాకీ దిగబడిపోద్ది. మనుషులు ఇద్దరం, నేనూ మా బావమరిదీ. మూడు వీకెండ్లు పట్టింది, అందులో ఒకటి మొత్తం తుప్పు గీకడానికే.

మొదటి పని బోటుని ట్రైలర్ మీద నుంచి లేపడం. హైడ్రాలిక్ జాకీ మీద వెడల్పాటి పలక, దాని మీద కార్పెట్ ముక్క వేసి బోటు అడుగున గట్టి చోట పెట్టి, రెండు అంగుళాలు లేపడం, ఆ రెండు అంగుళాలకీ దుంగలు పేర్చడం, మళ్ళీ ఇంకో రెండు అంగుళాలు. ముందు ఒక గూడు, వెనక ఒక గూడు, దుంగల్ని అడ్డం నిలువు పేర్చి కట్టాం, పక్కలకి ఒరగకుండా నాలుగు వైపులా జాక్ స్టాండ్లు, ఎదురెదురు స్టాండ్లని గొలుసుతో కలిపి కట్టాం. తర్వాత ట్రైలర్‌ని ముందుకి లాగేశాం. నాన్న వీడియోలో కూర్చుని ఒక్కటే మాట, "జాకీ లేపడానికిరా, మొయ్యడానికి కాదు. దుంగ లేకుండా ఒక్కడు కిందికి దూరకూడదు." బావమరిది ఒకసారి తొందరపడి దూరబోతే, "బాబూ, ముందు బయటికి రా నువ్వు" అని అక్కడ నుంచే అరిచాడు, వాడు "సరే మావయ్యా" అని వెంటనే వచ్చేశాడు. డల్లాస్‌లో పని చేస్తున్న మా కన్నా బెజవాడలో కూర్చున్న ఆయనకే భయం ఎక్కువ, అదే మమ్మల్ని కాపాడింది అనుకుంటా.

కీల్ కింద చక్రాల బండి లాంటిది, అంటే మందం ప్లైవుడ్డు కింద నాలుగు గట్టి క్యాస్టర్లు కొట్టింది, పెట్టి దాని మీద పాత దుప్పటి వేసి వించ్‌తో వెనక వైపు మెల్లగా దానిమీదికి దించాం. ముందు వైపు పిన్ను దగ్గర జాకీ ఆనించాం, ఆనించడం అంటే బరువు కొంచెం జాకీ మీదికి వచ్చేలా, కానీ పైకి తొయ్యకుండా. పిన్నుని రెండు వైపులా పట్టుకునేది రెండు హ్యాంగర్లు, ఒక్కోదానికి రెండు బోల్టులు, మొత్తం నాలుగు. 250 కిలోలకి నాలుగు బోల్టులే. ముందు రోజు సాయంత్రమే తుప్పు వదిలే నూనె కొట్టి రాత్రంతా నాననిచ్చాం, పొద్దున మళ్ళీ కొట్టాం. మూడు బోల్టులు రాట్చెట్‌కి వచ్చేశాయి, నాలుగోది రాలేదు. ఇక్కడ పొడవాటి పైపు తొడిగి బలం పెట్టాలనిపిస్తుంది, పెట్టకండి, తల తెగితే ఒక బాధ, బోటు వైపున్న మరలు పాడైతే ఆ పని పది రెట్లు అవుద్ది. మేము హీట్ గన్‌తో బోల్టు తల మాత్రం కాస్త వేడి చేసి, మళ్ళీ నూనె కొట్టి, కొంచెం బిగించే వైపు కొంచెం వదిలే వైపు తిప్పుతూ గంటన్నరకి తీశాం. ఫైబర్‌గ్లాస్‌కి వేడి తగలకుండా చూసుకోవాలి, మంట మాత్రం అసలొద్దు.

బోల్టులు వచ్చాక జాకీని చుక్క చుక్కగా దించితే కీల్ ముందు భాగం బండి మీదికి వచ్చింది, వైరు విప్పాం, మొత్తం తోసుకుంటూ బయటికి తెచ్చాం. పిన్ను చూస్తే మధ్యలో నడుము సన్నబడినట్టు అరిగి ఉంది, కీల్‌కి ఉన్న బొక్క గుండ్రంగా లేదు, కోడిగుడ్డులా సాగి ఉంది. బోటు మా కన్నా ముందు గల్ఫ్ తీరంలో చాలా ఏళ్ళు ఉందని కాగితాల్లో ఉంది. ఉప్పు నీళ్ళలో కంచు పిన్ను, పోత ఇనుము పక్కపక్కన ఉంటే ఇనుము తినుకుపోతుంది, అది కెమిస్ట్రీ, అందుకే ఉప్పు నీళ్ళ బోటు కొనేవాళ్ళు పిన్ను దగ్గర ఆట ఉందేమో చూడకుండా కొనొద్దు. మంచినీళ్ళ లేక్‌లోనే పుట్టి పెరిగిన బోటు అయితే ఈ బాధ చాలా తక్కువ.

చెప్పాలంటే ఈ పనిలో సగం సుఖం విడిభాగాలు దొరకడమే. 1970ల బోటుకి ఈ రోజున కొత్త పిన్ను, కొత్త హ్యాంగర్లు, వైరు, వైరు లోపలికి వచ్చే చోట రబ్బరు గొట్టం, క్లాంపులు, అన్నీ కిట్టుగా ఆర్డర్ పెడితే వారంలో ఇంటికొచ్చాయి, మూడొందల డాలర్ల లోపే. యాభై ఏళ్ళ నాటి ఏ వస్తువుకి ఇలా దొరుకుతాయి చెప్పండి. ఈ బోటుకి నేను ఎక్కువ మార్కులు వేసేది ఇక్కడే.

బొక్క సంగతి మాత్రం ఇంట్లో అయ్యేది కాదు. అద్దెకి ఇంజన్ క్రేన్ తెచ్చి కీల్‌ని పికప్ ట్రక్కులో వేసుకుని ఒక మెషీన్ షాపుకి తీసుకెళ్ళాం, బొక్కని సమానంగా పెద్దది చేసి లోపల బుష్ (పిన్ను చుట్టూ ఉండే లోహపు గొట్టం) కొట్టించాం, కొత్త పిన్ను అందులో బిగువుగా కాకుండా, ఆడకుండా కరెక్టుగా కూర్చుంది. ఆ షాపాయనకి పడవల గురించి తెలియదు, ట్రాక్టర్ల పని చేస్తాడు, కానీ చేతిలో పని ఉంది. మీరూ పడవల షాపు కోసమే వెతకక్కర్లేదు, ట్రాక్టర్లు చేసేవాడు చాలు.

తుప్పు. ఇది చెప్పుకోవాల్సిన కష్టం. గ్రైండర్‌కి ఫ్లాప్ డిస్క్ పెట్టి మెరిసే ఇనుము కనపడేదాకా కొట్టాం, పాత పెయింటు కింద పొరలు పొరలుగా అప్పడంలా లేచింది. మాస్కు, కళ్ళద్దాలు, చేతులకి గ్లౌజులు లేకుండా చెయ్యొద్దు, పాత బోటు అడుగు పెయింటులో రాగి లాంటివి ఉంటాయి, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. శుభ్రం చేసిన పోత ఇనుము గాలి తగిలితే కొద్ది గంటల్లోనే మళ్ళీ ఎర్రబడుతుంది, కాబట్టి సాయంత్రం గీకి రేపు పెయింట్ వేద్దాంలే అంటే కుదరదు, ఎంత మేరకి గీకారో అంతకీ ఆ రోజే ఎపాక్సీ ప్రైమర్ పడాలి. మేము ఒక రోజు ఒక వైపు, మర్నాడు ఇంకో వైపు చేశాం. ఇంటర్‌ప్రొటెక్ట్ 2000ఈ అని రెండు డబ్బాలు కలిపే ఎపాక్సీ వాడాం, చాలా పొరలు. గుంతలు పూడ్చడానికి వెస్ట్ సిస్టమ్ 105 రెజిన్, దానికి 206 స్లో హార్డెనర్. టెక్సస్ ఎండలో ఫాస్ట్ హార్డెనర్ జోలికి పోకండి, కప్పులోనే వేడెక్కి పొగలొచ్చి గట్టిపడిపోతుంది, స్లో అయినా పొద్దున ఆరింటికి కలిపితేనే సరిగ్గా పనిచేసింది.

ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది, కీల్ నున్నగా అందంగా రావాలని ఎపాక్సీ మందంగా పట్టించేస్తారు. కీల్ లేచి కూర్చునే గాడి వెడల్పు పెరగదు కదా, కీల్ మందం పెరిగితే గాడిలో ఇరుక్కుంటుంది, బిగించాక తెలిస్తే మళ్ళీ మొత్తం దించాలి. మేము ముందే గాడి వెడల్పు మూడు నాలుగు చోట్ల కొలిచి, అట్టతో ఒక ఫ్రేమ్ లాగా కోసుకుని, ప్రతి పొర ఆరాక దాన్ని కీల్ మీద జరిపి చూశాం. రెండు చోట్ల తగిలింది, అక్కడ గరుకు కాగితంతో దించాం.

తిరిగి బిగించడం విప్పినంత కష్టం కాదు గానీ ఓపిక కావాలి, జాకీతో ముందు భాగం లేపుతూ, ఒకడు బండిని అటూ ఇటూ తోస్తూ, బోల్టు రంధ్రాలు ఎదురెదురు వచ్చేదాకా. పాత బోల్టులు మళ్ళీ వాడకండి, ఎంత బాగున్నా. కీల్‌కీ హ్యాంగర్‌కీ మధ్య రెండు వైపులా పల్చటి స్పేసర్ వాషర్లు వేశాం, పక్కలకి కొట్టుకునే చప్పుడు పోవడానికి. కిట్టుతో వచ్చిన కాగితంలో ఈ స్పేసర్ల గురించి ఒక్క ముక్క లేదు, ఏ బోల్టు ఎంత బిగించాలో కూడా లేదు, అదొక్కటే కిట్టు మీద నా కంప్లైంటు. వించ్ దగ్గర వైరు వచ్చే రబ్బరు గొట్టం తప్పకుండా మార్చండి. అది నీటి మట్టం కిందే ఉంటుంది, పగిలితే లోపలికి నీళ్ళే, మా పాత గొట్టం చేత్తో వంచితే పగుళ్ళు నోళ్ళు తెరిచాయి, కీల్ పని పెట్టుకోకపోతే అది మా కంట పడేదే కాదు.

మొత్తం ఖర్చు కిట్టు, మెషీన్ షాపు, క్రేన్ అద్దె, ఎపాక్సీ, పెయింటు, దుంగలు అన్నీ కలిపి దాదాపు 900 డాలర్లు. మూడో సీజన్ మొత్తం తిరిగాం. టక్ టక్ చప్పుడు పోయింది, లంగరు వేసి పడుకుంటే నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. వించ్ తిప్పడం తేలికైంది. ఐదు నాట్ల (గంటకి దాదాపు 9 కిలోమీటర్లు) స్పీడ్ దగ్గర వైరు బుయ్‌మని మోగడం మాత్రం పోలేదు, అది నీళ్ళలో బిగువుగా ఉన్న వైరు చేసే చప్పుడు, దానివల్ల నష్టం లేదు, మా చిన్నదానికి ఆ చప్పుడు ఇష్టం, అది వస్తే నాన్నా స్పీడ్ వచ్చింది అంటది.

కొనేవాళ్ళకి నేను చెప్పేది ఇంతే. బోటు ట్రైలర్ మీద ఉన్నప్పుడే కింద పడుకుని టార్చ్ వేసి చూడండి. కీల్ వెనక కొనని రెండు చేతులతో పక్కలకి ఊపండి, కొంచెం కదలడం మామూలే, కానీ పిన్ను దగ్గర పైకీ కిందికీ ఆట ఉంటే అరిగినట్టే. వైరులో పోగులు తెగి ముళ్ళలా లేచి ఉంటే ఆ వైరుతో ఆ రోజు కీల్ దించనివ్వకండి. గొట్టం చూడండి, బోల్టు తలలు చూడండి. ఉప్పు నీళ్ళ బోటా మంచినీళ్ళ బోటా అడగండి. వీటిలో రెండు బాగాలేకపోతే ఒక వెయ్యి తగ్గించమని అడగండి, ఇవ్వకపోతే వదిలేయండి, ఇంకోటి దొరుకుద్ది, 15,000 పైనే తయారయ్యాయి కదా. ఊరికే అందం కోసమో పెయింటు కోసమో అయితే మాత్రం కీల్ ఊడదీయొద్దు, కనిపించే మేర గీకి పెయింట్ వేసుకుంటే చాలు. ఒంటరిగా అయితే అసలు ముట్టుకోవద్దు.

కీల్‌కి నా రేటింగ్ అయిదుకి నాలుగు, కట్ చేసిన ఒకటీ అడుగున ఉన్న పిన్నుని బోటు లేపకుండా చూసే దారి లేనందుకు. గాడి కొలిచిన అట్ట ఫ్రేము ఇంకా నా గ్యారేజీలో ఉంది, డల్లాస్ వైపు ఎవరైనా ఈ పని పెట్టుకుంటే వచ్చి తీసుకెళ్ళండి, దుంగలు కూడా ఉన్నాయి.